కొత్త చర్చి గడపకు పసుపు

మా సంఘానికి చర్చి లేని రోజుల్లో ఆరాధన ఆర్మూర్‌లో మా ఇంటి ముందరి అర్రలోనే జరిగేది. మా ఆయన సంఘ పెద్ద. నేను నిజామాబాద్ నుంచి వచ్చిన కోడలిని, పుట్టుకతోనే క్రైస్తవురాలిని. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పుకునే జబ్బు ఆ వయసులో నాకు బాగా ఉండేది. మా అత్తమ్మ మాత్రం పాత పద్ధతి మనిషి. అయినా ఆదివారం తెల్లారేసరికి అర్ర ఊడ్చి, చాపలు పరిచి, గడపకు పసుపు పూసి, మంచినీళ్ల కుండ నింపి పెట్టేది. వచ్చినవాళ్లంతా ఆ పసుపు గడప దాటుకునే లోపలికి వచ్చేవారు. ఏళ్ల తరబడి వచ్చారు, ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

నెలకోసారి ప్రభువు బల్ల ఉండేది. రొట్టె ముక్కలు, ద్రాక్షరసం బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే ఇస్తారు. కాబట్టి పళ్లెం మా అత్తమ్మ ముందు నుంచి ఆగకుండా పోయేది. ఇంటికొచ్చిన వాళ్లెవరినీ తినకుండా పోనివ్వని మనిషి ఆమె. తన ఇంట్లోనే తనకు పెట్టకుండా పోయే ఆ పళ్లెం ఆమెకు ఎంతకీ అంతుపట్టేది కాదు.

"గా రొట్టె నాకెప్పుడిస్తరు బిడ్డా?" అని నన్ను అడిగేది. బాప్తిస్మం తీసుకుంటే ఇస్తారని చెప్పేదాన్ని.

ఎనభైల చివర్లో గల్ఫ్‌కు పోయిన మా సంఘం మగవాళ్లు తలా కొంత పంపితే చర్చికి స్లాబు పడింది. ఆ స్లాబు ఆరుతున్న రోజుల్లోనే మా అత్తమ్మ పోచంపాడు దగ్గర గోదావరిలో మునిగి బాప్తిస్మం తీసుకుంది. కొత్త చర్చిలో మొదటి ఆదివారం నీకూ రొట్టె ఇస్తామని అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, మాటిచ్చారు. ఇక చూడాలి ఆమె సంబరం. తనతో పాటు పసుపు కొమ్ములు విరిచే కూలికి వచ్చే ఆడవాళ్లందరికీ చెప్పుకుంది. వాళ్లు ఏం రొట్టె, ఎంత రొట్టె అని ఆటపట్టించినా పట్టించుకోలేదు.

ఆ ఆదివారం ఆమె మాకంటే ముందే లేచి ఒక్కతే వెళ్లిపోయింది. మేము తయారై, నిజామాబాద్ నుంచి వచ్చిన మా అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లేసరికి చర్చి తలుపు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. రాత్రి సున్నం వేసిన తెల్లటి గడప ఎర్రగా ఉంది. ఒకరు నెత్తురన్నారు. ఒకరు బాణామతి అన్నారు. మా కుర్రాళ్లు అప్పుడే వెనక వాడకట్టు వైపు చూస్తూ, చర్చి కట్టడం ఇష్టం లేనివాళ్లు ఎవరెవరో లెక్కలు తీస్తున్నారు. అయ్యగారు కళ్లు మూసుకుని సాతాను క్రియలను గద్దిస్తూ ప్రార్థన మొదలుపెట్టారు. నేనూ గట్టిగా ఆమెన్ అన్నాను.

అంతలో పక్కనున్న బోరింగు దగ్గర గిన్నె కడుక్కుని మా అత్తమ్మ వచ్చింది.

"నేనే పూసిన అయ్యగారు," అంది. "కొత్తిల్లు గద, గడప ఉత్తగ ఉండొద్దు."

పొద్దున లేస్తే పసుపు మధ్య బతికేవాళ్లం. పచ్చి సున్నం మీద పసుపు పడితే ఎర్రబడుతుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. అయితే ఆ క్షణంలో నాకు సిగ్గేసింది అందుకు కాదు, మా అత్తమ్మను చూసి. మీ అత్తేనా ఈ పని చేసింది అన్నట్టు అందరూ నావైపు చూశారు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. బకెట్లతో నీళ్లు తెచ్చి గడప రుద్దుతుంటే, రంగు సరిగ్గా కుదరలేదని కడుగుతున్నారనుకుని మా అత్తమ్మ కూడా కూర్చుని రుద్దింది.

అయ్యగారు కోప్పడలేదు. మా ఆయన్ను పక్కకు పిలిచి, ఇవాళ ఆమెకు రొట్టె వద్దు, ముందు ఇవన్నీ మానుకోవాలని నేర్పించండి, మెల్లగా చెప్పండి అన్నారట. మా ఆయన ఆ మాట నాకు చేరవేసి, నువ్వు చెప్పు, ఆడవాళ్లు ఆడవాళ్లు మాట్లాడుకోండి అన్నాడు. మీ అమ్మ, మీరే చెప్పుకోండి అన్నాను. ఇద్దరం ముఖాలు మాడ్చుకుని ఉండగానే పాట మొదలైంది. ఆమెకు ఎవరమూ చెప్పలేదు.

ఆడవాళ్ల వైపు ఆమె నా పక్కనే కూర్చుంది. అయ్యగారు ప్రసంగంలో ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ప్రార్థన అయ్యాక మా ఆయన పళ్లెం పట్టుకుని మా వరుసకు వచ్చాడు. అత్తమ్మ రెండు అరచేతులూ కలిపి చాపింది. ఆయన తల వంచుకుని, కన్నతల్లి చేతులు దాటించి పళ్లెం నా ముందు పెట్టాడు. నేను తీసుకున్నాను. తీసుకోకపోతే అందరూ ఏమనుకుంటారో అనే ఆలోచన తప్ప నాకింకేదీ రాలేదు. రొట్టె నోట్లో పెట్టుకున్నాను.

ఆమె కాసేపు చేతులు అలాగే పట్టుకుని, తర్వాత వాటిని తిప్పి చూసుకుంది. గోళ్ల సందుల్లోంచి మణికట్టు దాకా పసుపే.

"చేతులు గిట్లున్నయని ఇయ్యలేదు," అని నా చెవిలో అంది. "జర కడుక్కొస్త."

అందరి మధ్య నుంచి లేచి బయటికి వెళ్లింది. లోపల అందరూ మౌన ప్రార్థనలో ఉన్నారు. బోరింగు కొడుతున్న చప్పుడు చర్చి అంతా వినబడింది. చాలాసేపు వినబడింది. పళ్లెం దగ్గర నిలబడ్డ మా ఆయన తల ఎత్తలేదు. ఆ చప్పుడు ఆగితే బాగుండునని అనుకుంటూనే, ఆగితే ఆమె లోపలికి వస్తుందని భయపడుతూ కూర్చున్నాను. ఇంతకుముందు ఆమెను చూసి పడ్డ సిగ్గు ఎటు పోయిందో గానీ, ఇప్పుడు మమ్మల్ని చూసుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె తడి చేతులతో వచ్చేసరికి పళ్లెం మీద తెల్లగుడ్డ కప్పేశారు.

ఆరాధన అయ్యాక ఆమె నేరుగా కొడుకు దగ్గరకు వెళ్లింది.

"గీ నెల పసుపు పనికి పోను బిడ్డా. చేతులు తెల్లగైతయి. అప్పుడియ్యి."

"సరే అవ్వా," అన్నాడు ఆయన. నేను పక్కనే ఉన్నాను.

పసుపు పని ముమ్మరంగా ఉండే రోజులవి. తోటివాళ్లు వచ్చి పిలిచినా ఆమె ఆ నెలంతా కూలికి పోలేదు. రోజూ పొద్దున్నే బొగ్గుపొడితో చేతులు తోముకుని వచ్చి నా ముందు చాపేది. తెల్లగా ఉన్నాయంటే, మరి ఇప్పుడే పోయి అయ్యగారిని అడుగుతానంటుందని నా భయం.

"ఇంకొంచెం ఉంది అత్తమ్మా," అనేదాన్ని.