గలోషులేసుకుని వార్తలకు

గుమ్మం దగ్గర బూట్లన్నీ ముక్కులు వీధివైపు పెట్టుకుని వరసగా ఉన్నాయి. ఇంటికోడలు బెర్మెత్ పొద్దుటినుంచీ అదే పనిగా తిప్పిపెడుతోంది. వెళ్లే చుట్టం వెతుక్కోకూడదు, కాలు దూర్చి సాగిపోవాలి. బురుల్ ఆ వరసని ఈ చివరినుంచి ఆ చివరిదాకా మూడుసార్లు చూసింది. తన నల్లబూట్లు లేవు.

"వదినా! నా బూట్లెక్కడ పెట్టావు?"

"ఉన్నచోటే పెట్టాను. పరుగుపందెం అనగానే అందరూ ఏది దొరికితే అది తొడుక్కుని వీధిలోకి పరిగెత్తారు. నన్నడిగితే నేనేం చెప్పను?"

ఒంటిగంటయింది. రెండింటికి విశ్వవిద్యాలయం రేడియోలో మైకు పరీక్ష. మధ్యాహ్నం వార్తలు చదివే మనిషి కోసం వెతుకుతున్నారు. ఒక్కటే చోటు, ఆరుగురు పోటీ. బురుల్ రెండు నెలలుగా దీనికోసమే బతుకుతోంది. నిజం చెప్పాలంటే ఏడేళ్లుగా.

పన్నెండో ఏట ఎడమ కణత పక్కన మొదలైన పార్శ్వపు నొప్పి ఆమెని ఇంతవరకూ వదల్లేదు. నెలకి నాలుగుసార్లు వచ్చేది. వెలుతురు పడదు, వాసన పడదు, పుస్తకం అసలే పడదు. కిటికీకి దుప్పటి కట్టి, గోడవైపు తిరిగి పడుకుని, రేడియో చిన్నగా పెట్టుకునేది. తోటిపిల్లలు పాటలు నేర్చుకున్న వయసులో ఆమె ఏ కనుమ ఎప్పుడు మంచుకి మూసుకుపోతుందో, ఏ శాఖలో ఏ మంత్రి ఎన్నాళ్లున్నాడో నేర్చుకుంది. పార్లమెంటులో ఎవరు ఎవరిమీద అరిచారో సొంతూరు నార్యిన్‌లో వాళ్ల వీధివీధంతా ఆమెనే అడిగేది. రాజధాని బిష్కెక్ వచ్చి పత్రికారచన కోర్సులో చేరాక హాస్టల్లో కూడా అదే పని.

బూట్ల సంగతి తర్వాత కనిపెట్టింది. గట్టి మడమ నేలకి తగిలితే ఆ దెబ్బ వెన్నులోంచి పాకి సరిగ్గా ఎడమ కణతకే వెళ్తుందని ఆమె నమ్మకం. డాక్టరు నవ్వాడు. నవ్వితే నవ్వాడు, బురుల్ ఒక సైజు పెద్ద బూట్లు కొని లోపల గొర్రె ఉన్నిని తొక్కి చేసిన మందపాటి అట్టలు పరిచింది. అవి వాళ్లమ్మ చేసి పంపినవి. ఆ బూట్లలో నడుస్తుంటే మేఘాల మీద నడిచినట్టుండేది, నొప్పి నాలుగునుంచి మూడుకి దిగింది. ఈ లెక్క ఆమె డైరీలో ఉంది, ఎవరికైనా చూపిస్తుంది.

ఇప్పుడు ఆ బూట్లే లేవు.

మేనమామ సాతర్ చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. ఇవాళ ఆయన మనవడికి కాలితాడు కోసే వేడుక. ఏడాది నిండిన పిల్లాడి కాళ్లకి నల్లదారం, తెల్లదారం పేనిన తాడు కట్టి వీధి చివర నిలబెట్టారు. పరుగులో గెలిచినవాళ్లు ఆ తాడు కోస్తారు, వాళ్ల నడకే పిల్లాడికి వస్తుంది. ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఎక్కడున్నావే నువ్వు? అంత పందెం జరిగితే చూడలేదా?"

"వంటింట్లో ఉన్నా మామయ్యా. పన్నెండింటి వార్తలు వింటున్నా, పరీక్షకి."

"వార్తలట! అసలు వార్త వీధిలో జరిగింది. ఆడవాళ్ల పరుగులో ఎవరు గెలిచారో తెలుసా? కల్యిమా!"

"కల్యిమా పెద్దమ్మా? ఆవిడకి అరవై రెండు కదా!"

"మరదే. మోకాళ్లు పట్టేశాయని పొద్దున మూలుగుతూ దిగింది. పరుగు మొదలవగానే గుర్రప్పిల్లలా దూకింది. పాతికేళ్ల అమ్మాయిలంతా వెనకే ఉండిపోయారు. తాడు టక్కున కోసేసి, బహుమతి శాలువా కప్పుకుని, అటునుంచి అటే వాళ్లూరు తోక్‌మోక్ కారెక్కేసింది."

బురుల్, బెర్మెత్ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. వరస చివర మంచులోనూ బురదలోనూ తొడుక్కునే ఒక జత రబ్బరు గలోషులు మిగిలి ఉన్నాయి. కలిసిపోకుండా గుర్తుకోసం లోపలివైపు ఎర్రదారంతో చుక్క కుట్టి ఉంది. కల్యిమావే.

ఫోన్ చేస్తే వెంటనే ఎత్తింది.

"పెద్దమ్మా, ఒక్కసారి కాళ్లవంక చూసుకో."

ఇంజను మోతలో ఆవిడ కిందికి వంగిన చప్పుడు. తర్వాత పెద్ద నవ్వు. "ఓరి దేవుడా! ఇవి నావి కావు! అదా సంగతి, పదేళ్ల తర్వాత మోకాలు నొప్పి లేకుండా పరిగెత్తానేమిటా అని అప్పటినుంచీ ఆలోచిస్తున్నా. ఎవరివే ఇవి, నీవా?"

"నావే. ఎక్కడున్నావు?"

"కాంత్ ఊరు దాటేశాం తల్లీ. వెనక్కి తిప్పమంటే మా మేనల్లుడు నన్ను దింపేసి పోతాడు. నా గలోషులు వేసుకో, బంగారంలాంటివి."

బెర్మెత్ తన మడమబూట్లు తెచ్చి ముందు పెట్టింది. ఎర్రవి, మెరుస్తున్నాయి. "ఇవి వేసుకెళ్లు. రేడియో వాళ్ల ముందుకి గలోషుల్లో వెళ్తావా? గొర్రెలు తోలుకొచ్చిందనుకుంటారు."

బురుల్ ఆ మడమలవంక చూసింది. బస్సు దిగాక పావుగంట నడక, పైన మూడంతస్తుల మెట్లు. ఒక్కో మెట్టుకీ ఒక దెబ్బ. ఆమె రెండు జతల ఉన్నిమేజోళ్లు అడిగి తీసుకుని, గలోషుల్లో కాళ్లు దూర్చి, బయటపడింది.

బస్సులో కూర్చున్నాక గమనించింది. పిల్లాడికి దిష్టి తీయడానికి అత్త ఇల్లంతా అర్చ అనే దేవదారులాంటి చెట్టుకొమ్మల పొగ పెట్టింది. ఆ వాసన తన జుట్టులోనే ఉండిపోయింది. ఎదురుసీటు మీద చిన్న వెండిచుక్క కనిపించింది. కళ్లు మూసినా పోలేదు. చుక్క వంపు తిరిగి, రంపపు పళ్లలా విచ్చుకుని, వణుకుతూ పెరగసాగింది.

ఒంటిగంటా నలభై. ఆ రంపం అరగంట ఆడుతుంది, అది ఆరిపోగానే నొప్పి దిగుతుంది. మాత్ర నీళ్లు లేకుండానే మింగేసి వేళ్లమీద లెక్క వేసుకుంది. తన వంతు మొదట వస్తే నొప్పికి ముందే చదివేయొచ్చు. గుండె దడదడలాడింది. అది భయం కాదు, పందెంలో గీతమీద నిలబడ్డ దడ. బస్సు ఆగీ ఆగకముందే దూకి పరుగందుకుంది. గలోషులు టపటపమంటుంటే జనం తిరిగి చూశారు. చూస్తే చూడనీ, తలలో ఒక్క దెబ్బా లేదు!

రేడియో గది బయట మిగతా అయిదుగురూ ఉన్నారు. బురుల్ కాళ్లు చూసి ఒకమ్మాయి పక్కమ్మాయిని మోచేత్తో పొడిచింది. "మంచు కరిగి నెల దాటిందమ్మా."

"నాకింకా ఆ వార్త అందలేదు," అంది బురుల్. "నేను ముందు వెళ్లనా? నాకు తొందరగా ఉంది."

ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ముందు వెళ్లాలని ఎవరికుంటుంది?

లోపల ఉమ్సునాయ్ కూర్చుని ఉంది. ఇరవై ఏళ్లు వార్తలు చదివిన మనిషి, ఆవిడ నవ్విందని ఎవరూ చెప్పగా వినలేదు. తల ఎత్తి ఉలిక్కిపడింది.

"ఎప్పుడొచ్చావు? అడుగు చప్పుడే లేదే! పోయినసారి ఒకమ్మాయి మడమలు టకటకలాడించి టేపంతా పాడుచేసింది. సరే, అయిదు వార్తలు. ఎర్రదీపం వెలగ్గానే మొదలుపెట్టు."

బురుల్ కాగితం తీసుకుంది. ప్రతి వరసలోనూ నడుమ భాగం లేదు. అక్కడ రంపం మెరుస్తోంది, రెండు చివర్లే కనిపిస్తున్నాయి. జలా అని ఒక ముక్క, పక్క వరసలో ట్రాలీ అని ఒకటి, కింద కనుమ. ఇవి వంటింట్లో విన్నవే!

ఎర్రదీపం వెలిగింది. ఆమె కాగితం బోర్లించింది.

పెద్ద జలాశయంలో నీరు నిరుటికంటే తగ్గిందని, చలికాలానికి బొగ్గు ముందే కొనుక్కోమని ప్రభుత్వం చెప్పిందని, దక్షిణాది కనుమ దారి తెరుచుకుందని, పట్నంలో ట్రాలీబస్సుల తీగలు విప్పుతున్నారని ఆమె చెప్పుకుపోయింది. గోడవైపు తిరిగి పడుకున్న ఏడేళ్లలో విన్న గొంతులన్నీ ఆమె వెనక నిలబడి అందిస్తున్నట్టుంది. నాలుగు అయ్యాయి. అయిదోది రాలేదు. పన్నెండింటి వార్తల్లో అది లేదు.

ఆమె కాగితం తిప్పింది. రంపం ఇంకా ఉంది.

"అయిదోది చదవలేను అక్కా," అంది, మైకు ఆపకుండానే. "నాకు మైగ్రేన్. ఇప్పుడు అక్షరాలు సగమే కనిపిస్తున్నాయి. చెవిలో చెబితే చెప్పగలను."

ఉమ్సునాయ్ కాగితం తీసుకుని, హెడ్‌ఫోన్ ఆమెకిచ్చి, గాజు అవతలికెళ్లి తక్కువ గొంతుతో చదివింది. ఆవిడ మాట సగంలో ఉండగానే బురుల్ మాట మొదలవుతోంది. పల్లె బడుల్లో వేడి భోజనం పెట్టే శాలల గురించి ఆ వార్త. తడబాటు లేదు, తొందర లేదు. దీపం ఆరింది.

మిగతా అయిదుగురూ అయ్యేదాకా బయట కూర్చోమన్నారు. నొప్పి సరిగ్గా లెక్క వేసుకున్న టైముకే వచ్చింది. బురుల్ నుదురు చల్లటి గోడకి ఆనించి, కళ్లు మూసుకుని, లోపలి గొంతుల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. నాలుగో అమ్మాయి బాగా చదివింది. చాలా బాగా.

నాలుగింటికి ఉమ్సునాయ్ తలుపు తీసింది.

"గలోషులమ్మాయి ఏది? ఇలా రా. అవతలి పిల్ల చదువు నీకంటే మెరుగ్గా ఉంది. కానీ తను వాక్యం చదివింది, నువ్వు వార్త చెప్పావు. బుధవారం మధ్యాహ్నం నీది. శనివారం తనది. ఒకళ్లకి బాగోకపోతే ఇంకొకళ్లు వస్తారు. నీకు కళ్లముందు అదేదో మొదలైతే గంట ముందు నాకు ఫోన్ చెయ్యాలి. మైకు ముందు కాదు, అర్థమైందా?"

"అర్థమైంది అక్కా!"

"అరవకు. నీకే తలనొప్పి."

మెట్లు దిగుతుండగానే బురుల్ తోక్‌మోక్‌కి ఫోన్ చేసింది. కణత పగిలిపోతోంది, అయినా నోరు ఆగడం లేదు. అంతా విన్నాక కల్యిమా గట్టిగా ఊపిరి వదిలింది.

"అయితే నేనూ గెలిచాను, నువ్వూ గెలిచావు. మరి బూట్లు రేపు కారులో పంపించనా?"

"వద్దు. నువ్వే ఉంచుకో పెద్దమ్మా. నాకు అమ్మ ఇంకో జత అట్టలు చేస్తుంది."

"పిచ్చిపిల్లా, మరి నా గలోషులు?"

"బుధవారం దాకా ఇవ్వను. నీ మనవరాలి ఫోన్‌లో రేడియో పెట్టించుకుని పన్నెండింటికి విను. అడుగుల చప్పుడు వినపడకపోతే అవి నీవే అనుకో."