ఊరికే వచ్చిన పసుపుకు పోస్టు చార్జీ

కొత్వాల్‌గూడలో మా డాబా మీద కుండీల్లో మట్టి నింపుకుని, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టిన చిక్కుడు విత్తనాల కోసం ఎదురుచూస్తున్నాను. ఇవాళ మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ ఆ కవర్ తెచ్చాడు కానీ చేతికివ్వలేదు.

"స్టాంపులు తక్కువున్నయి అక్కా. తక్కువైనదానికి డబుల్ కట్టాలె."

"డెలివరీ చార్జీ అప్పుడే కట్టిన గద అన్నా!"

"అది అమ్మినోళ్లకు కట్టిన్రు, మాకు రాలే. తీసుకుంటరా, వాపస్ పంపాల్నా?"

కట్టి తీసుకున్నాను. గట్టిగా అడగాలని, విత్తనాలు అమ్మిన నిజామాబాద్ వైపు రైతు ఇల్లాలికి వెంటనే ఫోన్ చేశాను.

"అయ్యో అక్కా! తూకమేసి స్టాంపులు అంటించినంక మనసు ఊకోలే. మా చేన్ల పసుపు కొమ్ములు గిన్ని ఏసిన. బరువైతదన్న సోయి లేదు. పైసలు ఇప్పుడే పంపిస్త."

కవర్ విప్పితే విత్తనాల కంటే పసుపు పొట్లమే పెద్దగా ఉంది. గదంతా కమ్మటి వాసన. నా కోపం ఎటు పోయిందో తెలియదు. డబ్బులు వద్దన్నాను, పైగా బీర విత్తనాలు కూడా పంపమన్నాను.

"పంపుత అక్కా. మిరపకాయలు గూడ మంచిగ ఎండినయి" అంది సంబరంగా.

వద్దనడానికి నాకు నోరు రాలేదు. మీకైతే వచ్చేదా?