నైరుతి గదిలో ఫ్రీజర్

మెదడు అడుగున చిన్న నల్లటి చార ఉంటుంది. అందులోని కణాలు చచ్చిపోయే కొద్దీ ఆ చార వెలిసిపోతుంది, మనిషికి వణుకుడు రోగం పట్టుకుంటుంది. ఆ కణాలు ఎందుకు చస్తున్నాయో తెలుసుకోవడమే నా ఉద్యోగం. విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో ఇన్నేళ్లూ ఎలుకల మెదళ్లతోనే నెట్టుకొచ్చాను. మనిషి మెదడు ఇమ్మంటే ఎవరిస్తారు?

పెడన నుంచి ఒకావిడ ఇచ్చింది. ఆమె భర్త మగ్గం నేసేవాడు. నలభై నిండకుండానే చేతులు వణకడం మొదలై, చివరికి అన్నం ముద్ద కూడా నోటిదాకా వెళ్లేది కాదట. అతను ఇక్కడి ఆస్పత్రిలో పోయిన రోజు, సిగ్గు విడిచి మార్చురీ గుమ్మం దగ్గరకే వెళ్లి అడిగాను. అత్తగారు నన్ను నానా మాటలూ అంది. కోడలు మాత్రం కళ్లు తుడుచుకుని, "నాకిద్దరు పిల్లలండీ. వాళ్లకి రాకుండా ఏదన్నా తెలుస్తదంటే తీసుకోండి" అని సంతకం పెట్టింది.

కొడుకుని అరకొరగా తగలబెట్టించిందని అత్తగారు ఆమెను ఇంటి గడప తొక్కనివ్వలేదు. తద్దినానికి కూడా పిలవరు. ఏటా తద్దినం మర్నాడు బస్సెక్కి మా ల్యాబుకి వచ్చేది. నేను వైద్యం చేసే డాక్టర్ని కాదమ్మా అన్నా వినకుండా, ఏమన్నా తెలిసిందా డాక్టరుగారూ అని అడిగేది. ఇంకా చూస్తున్నామమ్మా అనేదాన్ని.

చూస్తున్నది లేదు, పాడూ లేదు. మా పాత మైక్రోస్కోపు దిక్కుమాలినది. కొత్తది వచ్చాకే కోద్దామని ఆ మెదడుని రెండో అంతస్తులో, మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాను. కొత్తదాని ఫైలు మా కాలేజీ సెక్రటరీగారి బల్ల మీద ఏళ్ల తరబడి మగ్గుతోంది.

ఇంతలో అడ్మిషన్లు తగ్గాయని ఆయన వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. మా ఫ్రీజర్ చూసి, ఈశాన్యంలో అంత బరువేమిటి, నైరుతికి మార్చండి అన్నాడు సిద్ధాంతి. రెండో అంతస్తులో నైరుతి గది సెక్రటరీగారిదే. కింది అంతస్తులోది ఖాళీగా ఉంది. బుడమేరు వాగు పక్కన కింది అంతస్తు ఏమిటండీ అని అడగాల్సింది నేను. ఫైలు ఆగిపోతుందని భయపడి సరేనండీ అన్నాను. సగం జీవితం సైన్సు పాఠాలు చెప్పిన నోటితో సరేనండీ అన్నాను. ఛీ, నా చదువు తగలెయ్య.

రెండేళ్లకు బుడమేరు పొంగింది. ఆ గదిలో నీళ్లు గుండెల దాకా నిలిచాయి. కరెంటు రోజుల తరబడి లేదు. నీళ్లు తీశాక వెళ్లి తలుపు తెరిస్తే కంపు. ఎలుకలవీ అతనిదీ అంతా ఒక్కటే ముద్ద. పసుపు కవర్లలో కట్టి ఆస్పత్రి చెత్త తీసుకెళ్లే బండికి ఎత్తించాం. గోడకి ఆనుకుని చాలాసేపు ఏడ్చాను.

ఆ ఏడు కూడా ఆమె వచ్చింది. వరదలో పాడైపోయిందని చెప్పాను. వాస్తు సంగతి ఎత్తలేదు. ఆమె విని, పెద్దాడికి పదిహేడొచ్చాయని, రాసేటప్పుడు వాడి చెయ్యి కాస్త అదురుతోందని నెమ్మదిగా చెప్పింది. మంచి డాక్టరు పేరొకటి చీటీ మీద రాసిచ్చాను.

ఆమె చీటీ మడిచి పట్టుకుంది గానీ లేవలేదు.

"పాడవకముందు చూశారు కదండీ. అప్పుడేం తెలిసిందో అదన్నా ఒక కాయితం మీద రాసివ్వండి. మా అత్తగారికి చూపిస్తాను. ఊరికే ఇవ్వలేదని తెలియాలి కదా."

ఒక్కసారి కూడా కొయ్యలేదని చెప్పడానికి నోరు తెరిచాను. కాలేజీ పేరున్న కాగితం ముందుకు లాక్కున్నాను. ఆయన మెదడు మీద చేసిన పరిశోధనలో చాలా ముఖ్యమైన విషయాలు తెలిశాయని తెలుగులో, ఆవిడ అత్తగారికి అర్థమయ్యేలా రాశాను. కింద సంతకం పెట్టి, స్టాంపు కూడా వేసిచ్చాను.