దొంగ చెయ్యి

డేల్ హాస్టెట్లర్ బతుకంతా దొంగతనం మీదే నడిచింది. అతను బేస్‌బాల్ క్యాచర్. బ్యాటర్ వెనక గొంతుకూర్చుని బంతి పట్టుకోవడం అతని పని. బ్యాటర్ పక్కన నేలలో పాతిన ప్లేటు మీదుగా, అతని మోకాళ్లకూ ఛాతీకీ మధ్య వెళ్లిన బంతి స్ట్రైక్. అలాంటివి మూడైతే బ్యాటర్ అవుట్. వేలెడు పక్కకు పోతే కాదు. ఆ వేలెడునే డేల్ దొంగిలించేవాడు. బంతి గ్లవ్‌లో పడుతుండగానే మణికట్టును మెత్తగా లోపలికి లాగేవాడు. వెనక నిలబడ్డ అంపైర్ నమ్మి చెయ్యెత్తేవాడు.

బ్యాటింగ్ అంతంత మాత్రం. పరుగు ఎద్దు పరుగు. కుర్రతనంలోనే ఇంటికి పంపేసేవాళ్లే, కానీ సరిగ్గా అప్పుడే లెక్కలవాళ్లు వచ్చారు. ఈ చేతివాటం ఏడాదికి ఎన్ని పరుగులు ఆపుతోందో తేల్చి, ఇది బంగారమన్నారు. జట్టు అతన్ని నెత్తిన పెట్టుకుంది. తర్వాత మిగతా జట్లూ అదే లెక్క వేసి, తమ క్యాచర్లందరికీ అదే దొంగతనం నేర్పాయి. ఇంటింటా ఉన్న బంగారం ఇత్తడితో సమానం.

చివరికి యంత్రం వచ్చింది. అంపైర్ తీర్పు నచ్చకపోతే ఆటగాడు నెత్తి తట్టుకుంటే చాలు, బంతి ఎక్కడ నుంచి పోయిందో పెద్ద తెర మీద పడుతుంది. రెండుసార్లు పొరబాటుగా తడితే ఆ జట్టుకు ఇక తట్టే హక్కు ఉండదు. మనిషి జీవితమంతా నేర్చుకున్న విద్యను పారేయడానికి లోకానికి ఒక్క సమావేశం చాలు.

ఆ వసంతంలో డేల్ దొంగిలించిన బంతికల్లా బ్యాటర్లు నెత్తి తట్టుకున్నారు. ఒహాయోలో వాళ్ల చిన్న స్టేడియంలో హాట్‌డాగ్‌లు నములుతున్న సొంత జనమే తెర చూసి పడీపడీ నవ్వారు. ఆదివారం ఆట అయ్యాక ఇద్దరు క్యాచర్లలో ఒకరిని పంపించేస్తానని మేనేజర్ పెటిగ్రూ చెప్పేశాడు. రెండోవాడు ట్రెవిన్, పడుచువాడు. కొడితే బంతి కంచె దాటుతుంది.

ఆదివారం ఆటకు ముందు, జట్టు లెక్కలు చూసే రెనాటా పొద్దుతిరుగుడు గింజలు నములుతూ డేల్ పక్కన కూర్చుంది.

"బంతిని లోపలికి లాగాలని నీకెప్పుడు తెలుస్తుంది, డేల్?"

"అది బయటికి పోతోందని తెలిసినప్పుడు."

"అంటే బయటికి పోయేది నీకు ముందే తెలుసు."

"సొమ్ము ఎవరిదో దొంగకి తెలీదా?"

రెనాటా పొట్టు ఊసింది. "అయితే ఇవాళ ఆ చెయ్యి కట్టేసుకో. కన్ను వాడు."

తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఏడోదానికి వచ్చేసరికి జట్టుకు ఒక్క తట్టే మిగిలింది. పిచర్ కిన్యోనెస్ విసిరిన బంతిని అంపైర్ స్ట్రైక్ కాదన్నాడు. పిచర్లు తట్టకూడదని జట్టు నియమం. తన ప్రతి బంతీ స్ట్రైకేనని నమ్మని పిచర్ ఇంకా పుట్టలేదు. తట్టమని కిన్యోనెస్ కళ్లతోనే అరిచాడు. డేల్ తల అడ్డంగా ఊపాడు. తర్వాతి బంతిని బ్యాటర్ బాదాడు. ప్రత్యర్థికి రెండు పరుగులు.

"చేతులు పడిపోయాయా, ముసలోడా?" బెంచీ దగ్గర కిన్యోనెస్ మీదికొచ్చాడు.

"బయటికి పోయింది."

"నా బంతి గురించి నాకే చెప్తున్నావా?"

"నీ చెయ్యి దాటాక అది నాది."

పెటిగ్రూ ఇద్దరినీ చూసి మళ్లీ మైదానం వైపు తిరిగాడు. డేల్‌కి తిట్టినా బాగుండేదనిపించింది.

చివరి ఇన్నింగ్స్. ఒక్క పరుగు ఆధిక్యం. పరుగుకు సిద్ధంగా ఉన్న ప్రత్యర్థులతో మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి. ఈ బంతి స్ట్రైకైతే చివరి బ్యాటర్ అవుట్, గెలుపు; కాకపోతే అది నాలుగో తప్పు బంతి, అందరూ ఒక్కో బేస్ ముందుకు జరిగి స్కోర్లు సమం. బంతి మోకాలి దగ్గర పడింది. డేల్ గ్లవ్ కదల్లేదు. అంపైర్ కాదన్నాడు. డేల్ నెత్తి తట్టుకున్నాడు.

తెర మీద బంతి గీత అంచును రాసుకుని పోయింది. స్ట్రైక్.

పెటిగ్రూ అతన్ని గదిలోకి పిలిచాడు. రెనాటా అక్కడే ఉంది.

"ట్రెవిన్ కింది జట్టుకి పోతాడు. ఏడో ఇన్నింగ్స్ బంతి కూడా చూశాం, బయటే పోయింది. కొట్టలేవు, పరిగెత్తలేవు. ఎప్పుడు తట్టకూడదో మాత్రం తెలుసు నీకు."

"థాంక్స్, బాస్." డేల్ రెనాటా వైపు తిరిగాడు. "ఇదెన్నాళ్లు పనికొస్తుంది?"

"మిగతా జట్లకి తెలిసేదాకా. ఒక సీజన్. అదృష్టం బాగుంటే రెండు."

"చాలు," అన్నాడు డేల్. నిజంగానే చాలనిపించింది.

బయట కిన్యోనెస్ తన ట్రక్కుకు ఆనుకుని ఉన్నాడు. "బార్బెక్యూకి పోదాం రా. బిల్లు నీదే. ఆ రెండు పరుగులు నీ పాపమే."

డేల్ ట్రక్కెక్కి కిటికీ అద్దం దించాడు.