గలీబుల అత్తయ్యా, నల్లపొగ కారూ

ఆ వీధిలో గలీబుల అత్తయ్య తెలియనివాళ్ళు లేరు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధందరి చొక్కాలూ గౌన్లూ కుట్టేది సరే, ఆ పేరు మాత్రం వేరే కారణంగా వచ్చింది. దిండుకి గలీబు ఎవరైనా వేస్తారు, వేసి ఊరుకుంటారు. ఆవిడ ఊరుకోలేదు. టీవీ రిమోటుకి వేసింది, మిక్సీకి వేసింది, ఫ్రిజ్జు పిడికి వేసింది. గొడుగుకి వేసిన గలీబు మాసిపోతోందని దాని మీద ఇంకోటి వేసింది. ఆ ఇంట్లో కాసేపు కదలకుండా కూర్చుంటే మనకీ కొలతలు తీసేస్తుందని చుట్టాలు చెప్పుకునేవాళ్ళు.

ఇంట్లో గలీబు లేని వస్తువు ఒక్కటే ఉంది. మిషను పక్కనున్న చెక్క స్టూలు. మర్చిపోయి కాదు, కావాలనే వెయ్యలేదు. దాని మీద కూర్చునేది ఆవిడ మొగుడు. మెత్తగా ఉంటే లేవడని భయం.

ఆయన్ని వీధిలో మీటరు మావయ్య అనేవాళ్ళు. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క దొంగ మీటరునీ వదల్లేదు. లోపల తీగ పెట్టిందెవరో మీటరు చూసి కాదు, ఇంట్లోవాళ్ళ మొహాలు చూసి చెప్పేసేవాడట. కాళ్ళావేళ్ళా పడ్డా సరే, ఉన్నది ఉన్నట్టు రాసేసేవాడు. రిటైరయ్యాక అంత చూపునీ ఎక్కడ పెట్టాలో తెలియక తన పాతికేళ్ళ పాత కారు మీద పెట్టాడు. పొద్దున్నే తుడవడం, నాలుగు వీధులు తిరిగి రావడం, మళ్ళీ తుడవడం. మొగుడు బయట, మిషను లోపల, అత్తయ్యకి అంతకన్నా ఏం కావాలి?

అలాంటి కారు రెండు నెలలుగా నల్లపొగ వదులుతోంది. వెనకాల నిలబడితే పెట్రోలు కంపు. ట్యాంకు నింపితే నాలుగు రోజులు రావడంలేదు. పొగ పరీక్షకి తీసుకెళ్తే రెండుసార్లు తప్పింది. పైవారం శనివారం లోపల మూడోసారి కూడా తప్పితే ఇక రోడ్డెక్కడానికి వీల్లేదన్నారు. కార్ల షెడ్డు నడిపే అత్తయ్య తమ్ముడు అప్పుడే ఎదురుచూస్తున్నాడు.

"దిగులు పడకు బావా. విప్పి అమ్ముకోడానికి పనికొస్తుందిలే, నేను పట్టుకెళ్తా" అన్నాడు, ఎంతో దయగా.

పరీక్ష తప్పిన ఆ వారం కారు ఇంటి ముందు ఆగిపోయింది, మావయ్య స్టూలెక్కాడు.

"ఆ కుట్టు కాస్త వంకరపోయినట్టు లేదూ?"

"లేదండీ."

"ఇటునుంచి చూస్తే పోయినట్టుంది."

అది మొదటి రోజు. రెండో రోజు దారపు రీళ్ళన్నిటికీ నంబర్లు అతికించాడు. నల్లదారం కావాలంటే పదిహేడు అని గుర్తుపెట్టుకోవాలి. మూడో రోజు గౌనుకి కొలతలిస్తున్న పంతులమ్మని చూసి, "కిందటి నెల కన్నా రీడింగు పెరిగిందే!" అన్నాడు. ఆవిడ మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. అత్తయ్యకి తల ప్రాణం తోకకొచ్చింది. కారు బాగుపడకపోతే ఈ మనిషి బతికున్నన్నాళ్ళూ ఈ స్టూలు మీదే అని తలుచుకుంటే సూదిలోకి దారం ఎక్కేది కాదు.

ఆదివారం పొద్దున్న మావయ్య చొక్కా చేతులు మడిచాడు. "నీ తమ్ముడి సాయం నాకక్కర్లేదు. నేనే బాగుచేస్తా" అని కారు పక్కన పాత పేపర్లు పరిచి స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పాడు. అత్తయ్య టీ పట్టుకెళ్ళింది.

"చూశావా, లాంతరు చిమ్నీకి పట్టినట్టు పట్టింది మసి. పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైతే ఇంతే. మన గ్యాసు పొయ్యికి గాలి సరిగ్గా అందకపోతే మంట పచ్చగా లేచి గిన్నె అడుగు నల్లగా చెయ్యదూ? అదే జబ్బు."

"మరి గాలి ఎటునుంచి వెళ్తుందండీ?"

"ఇదిగో, ఈ గుండ్రటి డబ్బాలోంచి. లోపల ఎయిర్ ఫిల్టరుంది. రెండు నెలల కిందటే కొత్తది వేశా, దాన్ని చూడక్కర్లేదు. దుమ్ము పడితే ఇంజనుకి ప్రమాదమని అప్పుడే నీకు చెప్పానుగా."

చెప్పాడు. చెప్పబట్టే కొంప మునిగింది. అత్తయ్యకి అంతా గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన దుమ్ము గురించి ఉపన్యాసమిచ్చి కునుకు తీయడానికి వెళ్ళగానే, ఆవిడ టేపు పట్టుకుని బయటికొచ్చింది. డబ్బా మూత విప్పింది. ఫిల్టరుకి చక్కగా గలీబు కుట్టి తొడిగింది. రెండు పొరల మందపాటి గుడ్డ, నీలం పువ్వులు, అంచుకి ఎలాస్టిక్. ఆయన లేచాక చెబుదామనుకుని, పనిలో పడి మర్చిపోయింది.

ఇప్పుడు చెప్పొచ్చు. కానీ ముప్ఫై అయిదేళ్ళుగా "మీరు ఏ పనీ ఆలోచించి చెయ్యరు" అని ఆయన్ని సాధించిన నోటితో ఎలా చెప్పడం? పైగా తమ్ముడి చెవిన పడితే చుట్టాలందరూ ఏడాదిపాటు నవ్వుకుంటారు. నోరు మూసుకుని లోపలికొచ్చేసింది.

సాయంత్రం మావయ్య ఏనుగెక్కినంత సంబరంగా వచ్చాడు. ప్లగ్గులు రుద్ది బిగించాడట. కార్బొరేటరు మీద పెట్రోలు తగ్గించే స్క్రూ ఒకటుందట. దాన్ని పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ఇంజను చప్పుడు వింటూ, పొగ ఆగేదాకా తిప్పాడట. అది కదలకుండా ఆవిడ గోళ్ళ రంగు ఓ చుక్క కూడా పెట్టాడట. అత్తయ్య ఊపిరి పీల్చుకుంది. హమ్మయ్య, బాగైంది కదా, ఇక సాక్ష్యం ఎందుకు మిగలాలి? సోమవారం ఆయన కునుకు తీస్తుండగా గుట్టుచప్పుడు కాకుండా గలీబు ఊడదీసి గుడ్డల మూటలో దాచేసింది.

మంగళవారం పొద్దున్న కారు వీధి చివరిదాకా వెళ్ళి దగ్గింది, తుమ్మింది, ఢామ్మని ఒక్కటి పేల్చి ఆగిపోయింది. దారినపోయే ఇద్దరు ఇంటిదాకా తోసిపెట్టారు.

"నీ తమ్ముణ్ణి రమ్మను. పట్టుకుపొమ్మను" అని మావయ్య వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

ఈసారి కుట్టు వంకరపోయిందనలేదు. అసలు ఏమీ అనలేదు. అత్తయ్య వారం రోజులుగా కోరుకున్నది ఆ నిశ్శబ్దమే. తీరా వచ్చాక పావుగంట కూడా భరించలేకపోయింది. తమ్ముడికి ఫోను చేసి, మిషను తొక్కుతూ ఆలోచించింది. ఆదివారం బాగున్న కారు మంగళవారానికి ఎందుకు చెడింది? మధ్యలో తను చేసిందేమిటి?

స్వెట్టరు మీద కొలతలిచ్చి, తీరా స్వెట్టరు లేకుండా చొక్కా తొడుక్కుంటే వదులే కదా! గలీబు ఉండగా స్క్రూ తిప్పాడాయన. గాలి తక్కువని పెట్రోలూ తగ్గించాడు. తను గలీబు తీసేసరికి గాలి పెరిగింది, పెట్రోలు చాల్లేదు. మూటలోంచి గలీబు లాగి, పిల్లిలా బయటికెళ్ళి, ఎక్కడిది అక్కడ తొడిగేసి వచ్చింది.

తమ్ముడు లాక్కెళ్ళే తాడుతో సహా దిగాడు. తాళం తిప్పాడు. కారు మెత్తగా, బుద్ధిగా మోగింది.

"బంగారంలా ఉందిగా బావా! దీనికా నన్ను పిలిచావ్?"

మావయ్య నోరు తెరిచేలోపే అత్తయ్య వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. "మళ్ళీ బుద్ధి మారకముందే పరీక్షకి పోనివ్వండి" అంది. తమ్ముడు కూడా ఎక్కాడు.

పరీక్ష చేసే అతను పొగగొట్టంలో గొట్టం దూర్చాడు, యంత్రం వైపు చూశాడు, కాగితం మీద ముద్ర కొట్టిచ్చాడు. నెగ్గింది. తమ్ముడికి మాత్రం ఇది మింగుడు పడలేదు. "ఏం చేశావో ఓసారి చూస్తా బావా" అంటూ బానెట్ ఎత్తాడు. అత్తయ్య "వద్దురా, ఆలస్యమవుతోంది" అనేలోపు డబ్బా మూత ఊడొచ్చింది.

నీలం పువ్వులు తళతళలాడాయి. పరీక్ష చేసే అతను కూడా మెడ చాపి చూశాడు.

మావయ్య గలీబు వంక చూశాడు. తర్వాత పెళ్ళాం మొహం చూశాడు. చెమటలు పట్టిన ఆ మొహం ఆయన ముప్ఫై ఏళ్ళపాటు ఇంటింటా చూసిన మొహమే. ఆయనకి క్షణం పట్టలేదు.

"అది నేనే కుట్టించుకున్నాను. దుమ్ము పడకూడదని" అన్నాడు.

తమ్ముడు బానెట్ పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "ఇంజను ముక్కు మూసింది నువ్వేనా బావా! అక్కా, విన్నావా మీ ఆయన తెలివి!" చీకటి పడేలోగా చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళాయి. ఆ రోజునుంచి మీటరు మావయ్య కాస్తా గలీబు మావయ్య అయిపోయాడు. దారిలో ఎవరు పిలిచినా పలికాడు, ఒక్క మాట కాదనలేదు.

ఇంటికొచ్చాక కూడా పెళ్ళాన్ని ఏమీ అడగలేదు. మర్నాడు పొద్దున్న గలీబు తీసి ఆవిడ చేతికిచ్చాడు. గోళ్ళ రంగు గీకేసి, స్క్రూ మళ్ళీ మొదటినుంచి తిప్పుకుని, పొగ లేకుండా నాలుగు వీధులు తిరిగి రావడానికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి స్టూలు మీద దూది కూరిన దిండు కట్టి ఉంది. దానికి నీలం పువ్వుల గలీబు. మావయ్య కూర్చుని చూశాడు, కాస్త కదిలి సర్దుకున్నాడు, వంగి అంచు పరీక్షగా చూశాడు.

"ఈ కుట్టు కాస్త వంకరపోయినట్టు లేదూ?"

అత్తయ్య మిషను ఆపి అటు చూసింది. కుట్టు తిన్నగానే ఉంది.

"పోయింది లెండి" అంది.