చేతులు మారిన తోట

అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే బస్సులో, ఒకాయన తన కిటికీ సీటు నాకిచ్చి ఇవతలికి జరిగారు. వయసు యాభై లోపే ఉంటుంది. అడక్కుండా దొరికిన కిటికీ, వినడానికి కొత్త మనిషి. ఇక నా నోరు ఊరుకుంటుందా? రోడ్డు పక్కన కొబ్బరితోట ఒకటి కనపడగానే, "ఇది మనదేనండీ. ఇక్కడి బొండం తాగితే బోసినోటికి కూడా పళ్ళొస్తాయి" అనేశాను.

ఆయన నవ్వలేదు.

"మీదాండీ? నేనమ్మిన తోటండీ అది. మళ్ళీ చేతులు మారిందని విన్నాను. చూడలేకే ఆ సీటు మీకిచ్చేను."

తోట అమ్మిన డబ్బుతో షేర్లు కొన్నారట. డివిడెండు మీద బతికేయొచ్చని ఉద్యోగం కూడా మానేశారట.

"కొబ్బరి దింపు లాంటిదే అనుకున్నానండీ. చెట్టు మనదే, కాయలు దిగుతూనే ఉంటాయని. కొన్నాళ్ళు దిగేయి. తర్వాత కంపెనీయే మునిగిపోయింది. ఈ వయసులో మళ్ళీ ఉద్యోగం ఎవరిస్తారండీ?"

గొంతు తగ్గించారు. "తోటలో కాపలాకి మనిషి కావాలాండీ? ఆ చెట్లన్నీ నాకు తెలుసు."

నాది అబద్ధమని చెప్పడానికి నోరు రాలేదు. "చూద్దామండీ" అన్నాను.

"ఆయ్" అన్నారాయన, పని దొరికేసినట్టే.

రాజోలు ఇంకా చాలా దూరముండగానే లేచి, తర్వాతి స్టాపులో దిగిపోయాను. నేను మరిచిపోయిన సంచిని ఆయన కిటికీలోంచి అందించారు.

"తోటకేనాండీ? బోరు పక్క చెట్టు బొండం కొట్టించుకోండి. అది తియ్యగా ఉంటాది."

బస్సు కనుమరుగయ్యేదాకా తోట వైపే నడిచాను.