ఆముదం మీద వార్నిషు

మా ఇంటి ఎదురుగా, వెనుకట కట్టెల అడితి ఉన్న జాగాలో, కార్లకు మెరుగులు పెట్టే దుకాణం ఒకటి వెలిసింది. పొద్దెక్కకముందే అక్కడి పిలగాండ్లు షట్టరు ఎత్తి, పాలిషు పట్టించిన బండి మీద ఏదో మందు చిలకరించి మెత్తటి గుడ్డలతో రుద్దడం మొదలుపెడితే, నిమ్మతొక్కా స్పిరిట్టూ కలిసినట్టుండే ఘాటు వాసన రోడ్డు దాటి నా అరుగు దాకా వస్తుంది. మా కోడలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీలు మూస్తుంది. నేనేమో కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంటాను. మొన్న ఒక పిల్లవాడిని పిలిచి, తళతళలాడుతున్న దాన్ని మళ్లీ ఎందుకురా తుడుస్తున్నావని అడిగాను. "పాలిషు జిడ్డు పోవాలె అవ్వా, జిడ్డు మీద కోటింగు పట్టదు" అన్నాడు, నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు. నాకా చెప్పేది? వాడి తాత పుట్టకముందే ఆ పాఠం నేర్చుకున్నదాన్ని, మోచేతుల దాకా కుంకుడు నురగలో ముంచి మరీ.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. మా అమ్మను కన్నతల్లిని మేమంతా అవ్వ అనేవాళ్లం, నేను వనపర్తిలో ఆమె ఇంట్లోనే పెరిగాను. రోహిణి ఎండల్లో ఆ ఇంటి పెరడు ఇప్పటికీ నా కళ్లలో ఉంది. తెల్లారగానే ముంతెడు జొన్న అంబలి, పొద్దెక్కాక వేడి రొట్టె మీద పల్లీల కారం, మధ్యాహ్నం వేప నీడలో అచ్చనగాయలు, గోటితో తొలుచుకుని తినే తాటిముంజలు, వాటి నీళ్లు మెడ మీదికి కారితే చీమలు పట్టి పెట్టే కేకలు. ఏడాదికొకసారి అవ్వ ఆముదపు గింజలు వేయించి, దంచి, పెద్ద కుండలో నీళ్లు పోసి ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసేది. ఆ వాసన వీధి చివరి దాకా పోయేది. ఆ ఆముదం మా తలలకు, దీపాలకు, తలుపు బందులకు, కొత్త చెప్పులకు, పసిపిల్లల మాడులకు. అవ్వ చేతికి చిక్కి జిడ్డు అంటకుండా బయటపడ్డ వస్తువు ఆ ఇంట్లో లేదు.

అందుకు కారణం ఉంది. మా తాత ఒకనాడు పానగల్లుకు పోవాలని తొందరపడి, ఇరుసుకు కందెన పెట్టకుండానే ఎడ్లబండి కట్టుకుని వెళ్లాడట. దిగుడులో ఇరుసు విరిగింది. బండి తిరగబడి తాత మళ్లీ ఇంటికి రాలేదు. కందెన గిన్నె పట్టుకుని వెనకాలే గడప దాకా పోయి కూడా ఆపలేకపోయానని అవ్వ బతికినన్నాళ్లూ అనుకునేది. అప్పటినుంచి ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా, ఎక్కే బండికి ముందు ఆమె చేతి నూనె తగలాలి. ఆ తరువాత, జాగ్రత్తగా పోయిరమ్మని, "పైలం బిడ్డా" అనాలి. అప్పుడు గానీ గడప దాటనిచ్చేది కాదు.

అటువంటి ఇంటికి మా మేనమామ హైదరాబాదు నుంచి పాత మోటారు కారు తెచ్చాడు. ముదురు ఆకుపచ్చ రంగు. రైలు స్టేషన్ నుంచి ఊర్లోకి మనుషులను చేరవేసే బేరం పెట్టుకోవాలని ఆయన ఆశ. అవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, మరునాటి నుంచి పని మొదలుపెట్టింది. పొద్దున్నే గిన్నెలో ఆముదం, చేతిలో పాత చీర పేలిక. బానెట్టు, తలుపులు, మడ్‌గార్డులు ఏవీ వదలకుండా పసిపిల్లకు మర్దన చేసినట్టు రుద్దేది, నేను రెండో పేలిక పట్టుకుని అందిన మేర రుద్దేదాన్ని. బండి నిగనిగలాడేది. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తుంటే మాకు గర్వంగానే ఉండేది. గాలి వీస్తే దుమ్మంతా దాని మీదే అంటుకునేది, దాన్ని తుడవడానికి మళ్లీ ఆముదమే.

మృగశిర దగ్గర పడింది. పాత రంగు అక్కడక్కడా పలచబడి, వాన తగిలితే ఇనుము తుప్పు పట్టేటట్టుందని మామ ఖాదర్ సాబును పిలిపించాడు. టాంగాలకు రంగులు, ఏరువాక పున్నానికి ఎడ్ల కొమ్ములకు రంగులు, ఎవరింట్లో పెండ్లయినా గుమ్మాలకు రంగులు, అన్నీ ఆయనవే. మోటారు మాత్రం అదే మొదటిది. ఆ సంగతి ఆయన నోటితో ఒప్పుకుంటాడా? "గీ బండి అద్దం లెక్క కాకుంటే నా పేరు ఖాదరే కాదు" అని మీసం దువ్వి, ఒక తలుపుకు వార్నిషు పూసి సాయంత్రానికి ఇంటికి పోయాడు.

తెల్లారి చూస్తే తలుపు నిండా గుంటలు. పూసిన వార్నిషు ఎక్కడికక్కడ ముడుచుకుపోయి, సన్నటి మచ్చలు మచ్చలుగా అడుగున ఉన్న ఆకుపచ్చ రంగు బయటపడి ఉంది. మామ తల పట్టుకుని, "ఇదేంది ఖాదర్ భాయ్, బండికి అమ్మవారు పోసింది" అన్నాడు. ఆయన అన్నది ఊరికే, మాటవరసకు. కానీ మశూచి ఇండ్లకు వేపమండలు కట్టే రోజులవి. అవ్వ ఆ మాట పట్టుకుంది. వాళ్లిద్దరూ బజారుకు పోయి వచ్చేలోపల బండి నిండా వేపమండలు గుచ్చి, ఆముదంలో పసుపు కలిపి ఆ తలుపుకే కాదు, బండి అంతటికీ పట్టించింది. వచ్చి చూసిన ఖాదర్ సాబు బానెట్టు మీద వేలు రాసి, అంటిన జిడ్డును ఎండకు పట్టి చూశాడు.

"అవ్వా, రోజూ గిట్లనే నూనె పెడుతున్నవా దీనికి?"

"పెట్టకుంటే ఎట్ల ఖాదరూ? నా కొడుకు ఎక్కే బండి."

ఆయన తొట్టిలోంచి దోసెడు నీళ్లు తీసి బానెట్టు మీద చల్లాడు. నీళ్లన్నీ పూసల్లా ఉండలు కట్టి జారిపోయాయి. జిడ్డు ఉన్నంతసేపు వార్నిషు కూడా ఇట్లాగే ముడుచుకుపోతుందనీ, బండి మొత్తం కడగాల్సిందేననీ తేల్చి చెప్పాడు. రంగును కరిగించే తార్పీను నూనె ఉన్నది కాస్తా ఆ పాడైన తలుపును తుడవడానికే అయిపోయింది. పెట్రోలు అడిగితే మామ డబ్బాను కడుపుకు అదుముకున్నాడు. ఇంజనుకే దొరకని రోజుల్లో తుడవడానికి పెట్రోలేమిటని ఆయన బాధ.

మిగిలింది కుంకుడుకాయ. ఆ పని తెలిసింది అవ్వకు. అవ్వ కదలలేదు. గిన్నె ఒళ్లో పెట్టుకుని కారు మెట్టు మీద కూర్చుండిపోయింది.

"నూనె లేని బండిల నేను ఎవ్వర్ని పంపలే. పంపిన ఒక్కనాడే మీ నాయిన పోయిండు. తుడుస్త గానీ, ఇగ నువ్వు ఈ బండి ఎక్కొద్దు" అంది మామతో.

ఆమె మొండితనం చేస్తుందని అప్పటిదాకా నవ్వుతున్న నేను, ఆ గొంతు విని భయపడ్డాను. మామ ఏదో అనబోతుంటే ఖాదర్ సాబు చెయ్యి అడ్డం పెట్టి, బానెట్టు తెరిపించి, అవ్వను లేపి దగ్గరికి పిలిచాడు. మామ ఇంజనులోంచి సన్నటి పొడుగాటి చువ్వ ఒకటి తీశాడు. దాని కొసకు నల్లటి నూనె.

"సూడు అవ్వా. నీ ఎడ్లబండికి ఇరుసు మీదనే కందెన. దీనికి కడుపు నిండ ఉన్నది. గది లేకుంటే అడుగు గూడ కదలదు. లోపలిది నీ కొడుకు సూస్తడు, పైది నన్ను సూడనీ."

అవ్వ ఆ నూనెను రెండు వేళ్ల మధ్య రాసి చూసింది. వాసన చూసింది. కొడుకు ముఖం వైపు చాలాసేపు చూసి, "రోజూ సూస్తవా?" అని అడిగింది. రోజూ చూస్తానని మామ ఒట్టు వేశాడు. అప్పుడు ఆమె కొంగు నడుముకు దోపుకుని, "పోవే, కుంకుళ్లు కొట్టుకరా" అని నన్ను తరిమింది.

ఆ మధ్యాహ్నం మేము మోటారుకు తలంటు పోశాం. వేడినీళ్లలో నానిన కుంకుడు పులుసు, మొదట సెనగపిండి చల్లి జిడ్డు పీల్చుకోనిచ్చి, ఆ పిండి దులిపి, నురగ పట్టించి, చల్లనీళ్లు గుమ్మరించి, మళ్లీ నురగ. పిడుల సందుల్లో, తలుపుల అంచుల్లో దాక్కున్న నూనె ఎండకు కరిగి మళ్లీ మళ్లీ బయటికి కారేది. అవ్వ చీపురుపుల్లకు గుడ్డ చుట్టి, పిల్లల చెవుల వెనక తుడిచినట్టు తుడిచింది. కళ్లలో కుంకుడు పడి నేను ఏడుస్తుంటే, బండి ఏడుస్తలేదు సూడు అని వెక్కిరించింది. పొద్దు వాలే వేళకు దోసెడు నీళ్లు చల్లితే ఒక్క పూస కట్టలేదు. చాప పరిచినట్టు పలచగా పరుచుకుని మెల్లగా జారాయి. తల కడిగినప్పుడు జుట్టుకు నీళ్లు ఇంకినట్టే ఉందని అవ్వే ముందు అంది.

ఖాదర్ సాబు మరునాడు వార్నిషు పూశాడు. డ్రైవరు తలుపు లోపలి అంచున మాత్రం, బొటనవేలంత జాగా వదిలేశాడు. ఎందుకని మామ అడిగితే, "అవ్వకు" అన్నాడు, కుంచె ఆపకుండానే.

మృగశిర మొదటి వాన పడ్డ రోజు మేమంతా పెరట్లోకి పరుగెత్తాం. మృగశిర నాడు ఇంటింటా తినే, ఇంగువ కలిపిన బెల్లపుండ నా బుగ్గలో అట్లాగే ఉంది. బండి మీద చినుకులు మళ్లీ పూసలు కట్టి జారుతుంటే, ఇంకా నూనె మిగిలిందని అవ్వ కంగారు పడింది. అది వార్నిషు పని, ఇప్పుడు అట్లాగే జారాలని ఖాదర్ సాబు నవ్వాడు. ఆనాటి నుంచి మామ బయలుదేరిన ప్రతిసారీ ఆమె తలుపు తెరిపించి, ఆ వదిలిన జాగాలో ఆముదపు వేలు ఒత్తి, పైలం బిడ్డా అనేది. అవ్వ పోయాక మామ ఆ పని తానే చేసుకునేవాడు. ఆయన ముసలితనం వచ్చేదాకా బతికి, తన మంచం మీదే పోయాడు. ఆయన పోయాక పాత ఇనుపవాళ్లు వచ్చి ఆ కారును లారీ మీదికి ఎక్కిస్తుంటే చూశాను. తలుపులు తుప్పుకు జల్లెడలయ్యాయి. ఆ బొటనవేలంత జాగా ఒక్కటీ ఆకుపచ్చగా ఉంది. నాకు దుఃఖం ఆగలేదు.

ఇప్పుడు ఆ పెరడు లేదు. కుంకుడు పులుసు వాసన తెలిసినవాళ్లు మా ఇంట్లో నేనొక్కదాన్నే. ఖాదర్ సాబు ఉన్న గల్లీలో సెల్‌ఫోన్ల దుకాణాలు ఉన్నాయి.

నిన్న ఎదుటి దుకాణంలో ఒక పిల్ల తన కొత్త కారు తీసుకోవడానికి వచ్చింది. కారు మీద అరచెయ్యి ఆనిస్తే జారిపోతుంది, అంత నున్నగా చేశారు. ఒంటరిగా నాగర్‌కర్నూలు దాకా పోవాలట. నేను మెల్లగా రోడ్డు దాటి, ఆమె తలుపు తెరిచినప్పుడు, నూనె పెట్టిన నా పాపిట్లో బొటనవేలు అద్ది, ఎవరికీ కనబడని లోపలి అంచున ఒత్తాను.

"ఏంది అవ్వా, ఏం చేస్తున్నవ్?" అంది ఆ పిల్ల.

"ఏం లేదు. పైలం బిడ్డా" అన్నాను.